అల్మారా మీది సీనియర్

క్షీరకళ పాల సమాఖ్యలో డబ్బా అంటే పాలడబ్బా అనుకునేరు. కాదు. చపాతీల గిన్నె మూతంత ఉంటుంది. లోపల ఓ బుల్లి కంప్యూటరు, పైన ఓ పచ్చదీపం, చుట్టూ వైర్లు గుచ్చే కన్నాలు. పాలు చల్లబరిచే కేంద్రానికి ఒకటి చొప్పున పెట్టారు. దాని పనల్లా ఒకటే. ఎవరైనా ఏదైనా తెచ్చి కన్నంలో గుచ్చితే అది థర్మామీటరా, కాటానా, వెన్నశాతం చూసే మెషినా అని పోల్చుకోవడం, దానికో నంబరివ్వడం, పనిలో పెట్టుకోవడం. పాలు వేడెక్కుతున్నాయని థర్మామీటరు చెబితే కంప్రెసరు నడుపుతుంది, చల్లబడ్డాయంటే ఆపుతుంది. ఇదంతా రెప్పపాటులో, ఎవరినీ అడక్కుండా చేసేస్తుంది. కొంప ముంచింది అదే.

ఆ డబ్బాలో ప్రోగ్రాము రాసినవాడు బమ్మిడి లోకనాథం. మదనపల్లెలో సమాఖ్య హెడ్డాఫీసులో జూనియర్ ఇంజనీరు. సొంతూరు పలాస. భార్య ఢిల్లేశ్వరి పలాస స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంది. అంటే మొగుడు రాష్ట్రానికి ఈ కొసన, పెళ్లాం ఆ కొసన. పెళ్లయిన కొత్తలోనే లోకనాథం భార్య ఉన్నచోటికి బదిలీ చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ ఫైలయింది, ఫైలు లావెక్కింది, లోకనాథం మాత్రం హోటలు సాంబారు తిని తిని చిక్కిపోయాడు.

"ఏటయ్యింది నీ ఫైలు?" అని ఢిల్లేశ్వరి రోజూ ఫోనులో అడుగుతుంది.

"డైరెక్టరు గారి బల్ల మీదుందే."

"నిన్నా అదే బల్ల, మొన్నా అదే బల్ల. ఆ బల్ల మీద ఫైలెట్టినారా, లేకపోతే ఫైలు మీదే బల్ల కట్టీసినారా?"

కోపం ఎక్కువైతే ఆవిడకి ఉద్యోగం గొంతు వచ్చేస్తుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మదనపల్లె నుండి రావలసిన మొగుడు నిరవధికంగా ఆలస్యంగా నడుచుచున్నాడు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము," అనేసి ఫోను పెట్టేస్తుంది. ఆ గొంతు విన్న రోజు లోకనాథానికి అన్నం సయించదు.

ఇలా ఉండగా, ఓ రోజు పొద్దున్నే డైరెక్టరు సర్వోత్తమరావు గారు హెడ్డాఫీసు ఆవరణలోనే ఉన్న నమూనా కేంద్రాన్ని తనిఖీ చెయ్యడానికి వెళ్లారు. సర్వోత్తమరావు గారు తాత్కాలిక గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుకీ మోకాళ్లరగ్గొట్టుకుంటూ డైరెక్టరయిన మనిషి. కేంద్రం చూసుకునే ఖాదర్ బాషా అప్పుడే కొత్త వెన్నశాతం మెషిను పెట్టె విప్పి, వైరు తీసి డబ్బాలో గుచ్చాడు. డబ్బా కుయ్యిమంది. పచ్చదీపం వెలిగింది.

"ఏమని కూసింది?" అన్నారు డైరెక్టరు గారు.

"కొత్త మెషిన్ను పోల్చుకుంది సార్," అన్నాడు వెనకాలే ఉన్న లోకనాథం కాస్త గర్వంగా. "ఇంక పాలు పోసుకోవచ్చు."

"ఎవరి ఉత్తర్వు మీద పోల్చుకుంది?"

లోకనాథం తల గోక్కున్నాడు. "ఉత్తర్వంటే ఏముంది సార్. గుచ్చగానే అది తన పేరు చెప్పుకుంటుంది, ఇది వింటుంది."

"ఓహో. పేరు చెప్పుకుంటే చాలు, కొలువిచ్చేస్తుందన్నమాట." డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ఈ సమాఖ్యలో చేరిననాడు, నేను నేనే అని ఋజువు చేసుకోడానికి మా నాన్నని తహసిల్దారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మీ నాన్నే అని ఋజువేమిటన్నారు. మా తాతని మోసుకెళ్లాను. ఈ మెషిను పెట్టెలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు, దీనికి అప్పుడే కొలువా?"

"ఆలీసమైతే పాలు ఇరిగిపోతాయి సార్," అన్నాడు ఖాదర్ బాషా.

"పాలు పాడైతే పారబోసుకుంటాం. పద్ధతి పాడైతే ఏం పారబోస్తాం?"

ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని మాట అంటే గొప్ప మాట అని డైరెక్టరు గారి నమ్మకం. అప్పటికప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు మంగతాయారు గారిని పిలిపించారు. ఆవిడకి సర్వీసు నిబంధనలన్నీ నోటికొచ్చు. విష్ణుసహస్రనామం మధ్యలో ఎప్పుడైనా మరిచిపోతారేమో గానీ, ఆర్జిత సెలవు నిబంధనలో కామా కూడా మరిచిపోరు.

మంగతాయారు గారు డబ్బాని చుట్టూ తిరిగి చూశారు. "ఈ పరికరాలు సంస్థ ఆవరణలో ఉంటున్నాయి. సంస్థ కరెంటు మీద బతుకుతున్నాయి. పై నుంచి చెబితే తప్ప కదలవు. అయ్యా, ఇవి ఉద్యోగులు కాకపోతే మనం కూడా కాదు," అన్నారు.

అలా ఉత్తర్వు పుట్టింది. "ఇందుమూలముగా సమస్త కేంద్రములకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ పరికరమునూ డబ్బా తనంతట తానుగా గుర్తించరాదు. ప్రతి పరికరమూ సర్వీసు నిబంధనలకు లోబడి, సక్రమ మార్గమున చేరిక నివేదిక సమర్పించి, సమర్థాధికారి ఆమోదము పొందిన పిమ్మటనే గుర్తించబడవలెను." సమర్థాధికారి అంటే డైరెక్టరు గారు. రాష్ట్రంలోని డబ్బాలన్నీ హెడ్డాఫీసు డబ్బాని అడగాలి, హెడ్డాఫీసు డబ్బా డైరెక్టరు గారిని అడగాలి.

డైరెక్టరు గారు లోకనాథాన్ని లోపలికి పిలిచి, బల్ల మీది లావుపాటి ఫైలు మీద చెయ్యేశారు. "మీ డబ్బాకి సర్వీసు నిబంధనలు నేర్పండి. అది నేర్చుకున్న రోజు ఈ ఫైలు మీద సంతకం పెడతాను."

ఇది తలమాసిన పని అని లోకనాథానికి తెలుసు. అయినా ఆ ఫైలు చూసేసరికి పలాస కళ్లముందు మెదిలింది. ఢిల్లేశ్వరి వండే జీడిపప్పు కూర వాసన కూడా వచ్చినట్టే అయింది. ఆశ పాడుది. "అలాగే సార్," అన్నాడు.

మర్నాటి నుంచీ సమాఖ్యలో ఓ తమాషా మొదలైంది. ఏ పరికరం తెచ్చి గుచ్చినా డబ్బా కిమ్మనదు. పచ్చదీపం బదులు పసుపుదీపం వేసుకుని కూర్చుంటుంది. పరికరం పూర్వాహ్నం చేరిందా అపరాహ్నం చేరిందా రాయాలి. నడవడిక బాగుందని ఇద్దరు గెజిటెడ్ అధికారులు చెప్పాలి. ఆ తర్వాత ఆరోగ్య పరీక్ష.

ఆరోగ్య పరీక్ష దగ్గర చిన్న చిక్కొచ్చింది. పాల సమాఖ్యలో ఉండే డాక్టర్లందరూ పశువుల డాక్టర్లే. బయటి డాక్టరిచ్చిన సర్టిఫికెట్ చెల్లదు. అందుకని పశువుల డాక్టరు గారే మెడలో స్టెతస్కోపు వేసుకుని వచ్చి, తన దగ్గరున్న ఫారాలే నింపారు. కీబోర్డుకి "పళ్లు నూట నాలుగు. అరుగుదల లేదు" అని రాశారు. బిల్లుల ప్రింటరుకి "మేత తీసుకొనుచున్నది. నెమరు సక్రమము" అని రాశారు. కంప్రెసరు దగ్గర చాలాసేపు చెవి ఆనించి విని, "గర్భము నిలిచినట్లు లేదు. ఆరు వారములకు మరల చూపవలెను" అన్నారు. మంగతాయారు గారు అన్నీ ఫైలు చేశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వాలనిపించిన వాళ్లకి ఇంక్రిమెంట్లు దగ్గరపడుతున్నాయి.

ఖాదర్ బాషా ఓ రోజు కాటా కింద కడగడానికి దాని వైరు పీకి, కడిగి, మళ్లీ పెట్టాడు. డబ్బా దాన్ని అనుమతి లేని గైర్హాజరుగా నమోదు చేసింది. కాటాకి ఛార్జి మెమో జారీ అయింది. మెమో కాటా మీద పెట్టి సంజాయిషీ అడిగారు. కాటా మెమో బరువు చూపించింది గానీ సంజాయిషీ చెప్పలేదు.

"మౌనం నేరాంగీకారమే," అన్నారు మంగతాయారు గారు. కాటాని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో సగం జీతం ఇవ్వాలి కాబట్టి సగం కరెంటు ఇచ్చారు. సగం కరెంటుతో దాని మీద నిండు బిందె పెట్టినా సున్నా చూపించడం మొదలెట్టింది.

"చూశారా, పశ్చాత్తాపం," అన్నారు డైరెక్టరు గారు.

లోకనాథం రోజూ ఇవన్నీ ప్రోగ్రాములో రాస్తూనే ఉన్నాడు. రాత పూర్తయిందనుకుంటున్న సమయంలో కరెంటు పోయింది. పోవడం మామూలే. వచ్చాకే అసలు కథ. డబ్బాకి ఓ గుణం ఉంది. కరెంటు పోతే అన్నీ మరిచిపోతుంది. మళ్లీ వచ్చాక ఎవరెవరున్నారు అని అందర్నీ కొత్తగా పిలుస్తుంది. ముందు ఎవరు పలికితే వాళ్లకి ఒకటో నంబరు. ఆ రోజు అందరికంటే ముందు పలికింది నిన్నగాక మొన్నొచ్చిన వెన్నశాతం మెషిను. పాత థర్మామీటరు నింపాదిగా పలికి నాలుగో నంబరు పుచ్చుకుంది.

డైరెక్టరు గారు ముఖం కందగడ్డ చేసుకున్నారు. "ప్రొబేషన్ కూడా పూర్తికాని పిల్లమెషినుకి ఒకటో నంబరా? థర్మామీటరు ఎంత బాధపడి ఉంటుంది?"

"అది బాధపడదు సార్. ఎవరు ముందు పలికితే..."

"ముందు నోరు తెరిచినవాడిదే పెద్దరికమైతే ఈ సమాఖ్యలో ఖాదర్ బాషా డైరెక్టరు కావాలి. సీనియారిటీ ప్రకారం పిలవండి. పెద్దవాళ్లు పలికేదాకా చిన్నవాళ్లని పిలవడానికి వీల్లేదు."

సీనియారిటీ అంటే సమాఖ్యలో మొట్టమొదట కొన్న పరికరం ఏదో తేల్చాలి. మంగతాయారు గారు తేల్చారు. సమాఖ్య ప్రారంభోత్సవం నాడు, రిబ్బను కత్తిరించక ముందే కొన్న ఓ పాత ప్రింటరుంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో అల్మారా మీద ఉంది. దాని సిరా రిబ్బను ఎండిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. దాని వైరుతో అల్మారా తలుపు కట్టేసుకున్నారు. దాని మీద ఎవరిదో గొడుగుంది.

"మేడమ్, అది చచ్చి చాలా కాలమైంది," అన్నాడు లోకనాథం.

మంగతాయారు గారు నొచ్చుకున్నారు. "అలా అనకు నాయనా. ఇంతవరకు ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఒక్క ఫిర్యాదు లేదు. పై అధికారికి ఎదురు చెప్పలేదు. ఇటువంటి ఉద్యోగి ఈ సమాఖ్యలో ఇంకొకరున్నారా? ఏ కారణం చూపించి తీసెయ్యమంటావు?"

లోకనాథం ఆలోచించాడు. నిజంగానే కారణం కనబడలేదు.

అలా ప్రింటరు ఒకటో నంబరైంది. ఆ మధ్యాహ్నమే మళ్లీ కరెంటు పోయి వచ్చింది. డబ్బా లేచి ప్రింటర్ని పిలిచింది. ప్రింటరు పలకలేదు. డబ్బా మళ్లీ పిలిచింది. థర్మామీటరు చేతులు కట్టుకుని నిలబడ్డట్టు నిలబడింది, దాని వెనక కంప్రెసరు, దాని వెనక మిగతావన్నీ. ఖాదర్ బాషా చెయ్యేసి కంప్రెసరు నడపబోతే, వాచ్‌మాన్ వచ్చి అది సీనియారిటీ ఉల్లంఘన అన్నాడు. మదనపల్లె ఎండకి ట్యాంకులో పాలు వెచ్చబడ్డాయి, పుల్లబడ్డాయి, సాయంత్రానికి గడ్డకట్టాయి.

ట్యాంకెడు పాలు పోయాయి, ఇంక తన ఫైలు కూడా పోయినట్టే అనుకున్నాడు లోకనాథం. డైరెక్టరు గారు వచ్చి ట్యాంకులోకి తొంగిచూశారు. గరిటెతో కాస్త తీయించి రుచి చూశారు.

"పాలు పెరుగైతే అంత కంగారెందుకు? పాల తర్వాతి హోదా పెరుగే కదా. పదోన్నతి అనుకోండి," అన్నారు.

కానీ రోజూ పదోన్నతులిస్తే ఊళ్లో కాఫీలుండవు. అందుకని మంగతాయారు గారు ఓ ఉపాయం చెప్పారు. సీనియరు ఉద్యోగి క్యాంపు మీద ఊరెళ్లినప్పుడు కింది వాళ్లు పని నడపొచ్చు. కాబట్టి ప్రింటరు ఈ రోజు క్యాంపులో ఉన్నదని డైరెక్టరు గారు రోజూ పొద్దున్నే ఓ సంతకం పెడితే చాలు. ఆ సంతకం చూపిస్తే డబ్బా మిగతావాళ్లని పిలుస్తుంది. ప్రింటరు అల్మారా మీదే ఉంటుంది, కాగితం మీద మాత్రం ఒక రోజు కుప్పంలో, ఒక రోజు పుంగనూరులో ఉంటుంది. లోకనాథం అది కూడా ప్రోగ్రాములో రాశాడు. రాసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని డైరెక్టరు గారి గదిలోకెళ్లాడు.

"సార్, డబ్బా నిబంధనలన్నీ నేర్చేసుకుంది. నా ఫైలు..."

"శభాష్," అని డైరెక్టరు గారు ఫైలు ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి, ఆగి, మళ్లీ మూత పెట్టేశారు. "అయ్యో. ఉద్యోగుల బదిలీల మీద నిన్నటి నుంచి నిషేధం వచ్చిందండీ."

"మీరు మాటిచ్చారు సార్."

"ఇచ్చాను. కాదనను. కానీ నా మాటకంటే నిషేధం సీనియరు."

లోకనాథం బయటికొచ్చి వరండాలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఢిల్లేశ్వరికి ఏ ముఖం పెట్టుకుని ఫోను చెయ్యాలో తెలియలేదు. అప్పుడే ఖాదర్ బాషా సస్పెండైన కాటాని గడ్డిలో చుట్టుకుంటూ కనబడ్డాడు.

"ఎక్కడికి బాషా?"

"దీన్ని బదిలీ చేసినారు సార్. శిక్ష కింద దూరంగా పంపాలంట. పొద్దున ఆర్డరు, సాయంత్రం రైలు." ఖాదర్ బాషా చీటీ చూసి చదివాడు. "పలాస."

లోకనాథం లేచి, విసవిసా మంగతాయారు గారి దగ్గరికెళ్లాడు.

"మేడమ్, కాటాకి లేదా నిషేధం?"

"నిషేధం ఉద్యోగులకి కదా నాయనా. కాటా పరికరం."

"పరికరాలు ఉద్యోగులేనని మీరే అన్నారు."

"సర్వీసు నిబంధనలకి ఉద్యోగులు. బదిలీ నిషేధానికి పరికరాలు. ఏ నిబంధనకి ఏది కావాలో అది అవుతారు," అన్నారావిడ ఓపిగ్గా.

"మరి నేను నిషేధానికి పరికరం కాకూడదా?"

మంగతాయారు గారి కళ్లు పెద్దవయ్యాయి. లోకనాథం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నేను సంస్థ ఆవరణలో ఉంటున్నాను. సంస్థ ఫ్యాను కింద బతుకుతున్నాను. పై నుంచి చెబితే తప్ప కదలను. మేడమ్, మా ఆవిడ రోజూ మైకులో ఊరందరి మొగుళ్లూ వచ్చారని చెబుతుంది. తన మొగుడు వచ్చాడని చెప్పుకునే రోజే లేకుండా పోయింది."

ఆవిడ ముక్కు ఎగబీల్చారు. "నాకు జాలి లేదనుకోకు నాయనా. నిబంధన లేకుండా జాలిపడటం అలవాటు లేదు, అంతే. ఇప్పుడు నిబంధన చూపించావు. పడుతున్నాను," అని చెంగుతో కళ్లద్దుకుని, కొత్త ఫైలు తెరిచారు.

పశువుల డాక్టరు గారు లోకనాథాన్ని నోరు తెరవమన్నారు. "పళ్లు ముప్పయి ఒకటి. స్వభావము సాధువు. పొడవదు" అని రాశారు. లోకనాథం ఓ పెన్ డ్రైవులో తన పేరు రాసి, తాడు కట్టి మెడలో వేసుకుని, డబ్బా దగ్గర వంగి కన్నంలో గుచ్చాడు. పసుపుదీపం వెలిగింది. డైరెక్టరు గారు ఫైలంతా చదివి, చాలా సంతోషపడి సంతకం చేశారు. "ఇన్నాళ్లకి ఒక్క ఉద్యోగి తన స్థానం తెలుసుకున్నాడు," అన్నారు. పచ్చదీపం వెలిగింది. డబ్బా కుయ్యిమంది.

ఇన్నేళ్లు కదలని బదిలీ ఆ సాయంత్రానికే తేలిపోయింది. "ఒక పరికరము, రంగు చామనఛాయ, పలాస కేంద్రమునకు పంపబడుచున్నది. తడి తగలనీయరాదు" అని ఉత్తర్వొచ్చింది. పార్సిలు ఆఫీసు గుమాస్తా ఊపిరాడే వస్తువుని పెట్టెలో వెయ్యనన్నాడు కాబట్టి మనిషి టిక్కెట్టు కొన్నారు గానీ, నిబంధన ప్రకారం చొక్కా మీద 'పగిలే వస్తువు, ఈ వైపు పైకి' అని చీటీ మాత్రం అంటించారు. లోకనాథం కాటాని ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా నవ్వుకుంటూ వెళ్లాడు.

పలాసలో బండి దిగేసరికి, అద్దాల గదిలోంచి ఢిల్లేశ్వరి చూసింది. మెడలో తాడు, చొక్కాకి చీటీ, చంకలో కాటా. మనిషి సగమయ్యాడు. అయినా పోల్చుకోడానికి ఆవిడ ఎవరినీ అడగలేదు. మైకు దగ్గరికి లాక్కుంది.

"ప్రయాణికులు దయచేసి గమనించగలరు. పెళ్లయిన నాటి నుండి ఆలస్యంగా నడుచుచున్న మదనపల్లె మొగుడు," అని, ఉద్యోగం గొంతు వదిలేసి, "ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చీసినాడు," అంది. ప్లాట్‌ఫారం మీద జనం అటూ ఇటూ చూశారు. సమోసాలమ్మే అతను చప్పట్లు కొట్టాడు.

లోకనాథం పలాస కేంద్రంలో కుదురుకున్నాడు. కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం ఖాదర్ బాషా ఫోను చేశాడు.

"ఏం చెప్పమంటావు సార్, నువ్వు పోయినాక ఈడ మనుషులే లేరు. బదిలీలు కావాల్సినోళ్లంతా మెడలో తాళ్లేసుకున్నారు. టైపిస్టమ్మ నెల్లూరికి పోయ. డ్రైవరు కడపకి పోయ. పశువుల డాక్టరు తన నోట్లో తానే ఏళ్లు పెట్టుకుని పళ్లు ఎంచుకున్యాడు."

"డైరెక్టరు గారేమన్నారు?"

"ఆయన కథే కదా చెప్తాండేది. నెలాఖరుకి రిటైరు కావల్ల. మిషన్లకి రిటైర్మెంటు లేదని ఎవరో చెవిలో ఊదినారు. ఆఖరి దినం సాయంత్రం తన ఫైలు మీద తానే సంతకం చేసుకుని, పెన్ డ్రైవు మెడలో ఏసుకుని మిషనైపోయినాడు. పచ్చదీపం కూడా వచ్చ. ఆ యెనకే కరెంటు పోయ."

లోకనాథం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతనికి అర్థమైపోయింది.

కరెంటు మళ్లీ వచ్చాక డబ్బా మామూలుగా అన్నీ మరిచిపోయి లేచింది. సీనియారిటీ ప్రకారం ముందు ప్రింటర్ని పిలిచింది. ప్రింటరు పలకలేదు. ప్రింటరు క్యాంపులో ఉన్నదని సంతకం కావాలి. సంతకం డైరెక్టరు గారు పెట్టాలి. డైరెక్టరు గారిని డబ్బా ఇంకా గుర్తించలేదు. సమాఖ్యలో ప్రింటరు తరవాత చేరిన వారాయన. ప్రింటరు పలికితేనే ఆయన వంతు. గుర్తించని పరికరం సంతకం చెల్లదని మంగతాయారు గారు కచ్చితంగా చెప్పేశారు. రిటైరైన మనిషిగా పెడతానంటే, రిటైరైన వారికి సంతకం అధికారమే లేదన్నారు.

"మరి పాలో?" అన్నాడు లోకనాథం.

"పాలకేం సార్. డబ్బాని పీకి పక్కన పెట్టి, పాత మాదిరి చేత్తో స్విచ్చి ఏస్తాండా. వాచ్‌మాన్ కూడా మిషనై అనంతపురం పోయినాడు కదా, అడిగేటోడు లేడు. చల్లగుండాయి పాలు."

"డైరెక్టరు గారు?"

"అల్మారా కాడ స్టూలేసుకుని కూచోనుండాడు. పొద్దున్నే వచ్చి ప్రింటరు మీద దుమ్ము తుడిచి, గొడుగు తీసి, బొట్టు పెట్టి, 'ప్రింటరు గారూ, ఒక్కసారి పలకండి' అంటాడు. నాకే పాపమనిపిస్తాంది."

ఆ ఫోను పెట్టేసిన కాసేపటికే ఇంకో ఫోను మోగింది. సర్వోత్తమరావు గారే. గొంతు నీరసంగా ఉన్నా, మాట తీరు మారలేదు. "లోకనాథం, ఆ ప్రోగ్రాము రాసింది మీరే. మీరు తక్షణమే ఇక్కడికి వచ్చి మార్చాలి. మీ పలాస బదిలీ ఇందుమూలముగా రద్దు చేస్తున్నాను."

పెళ్లయ్యాక ఇన్నాళ్లకి ఇంట్లో రెండు కంచాలు కనబడుతున్నాయి. మళ్లీ ఆ హోటలు సాంబారా? అంతలో లోకనాథానికి ఏదో తట్టింది. మెల్లగా అన్నాడు.

"తప్పకుండా వస్తాను సార్. రద్దు ఉత్తర్వు పంపించండి."

"ఇదిగో, ఇప్పుడే పంపిస్తా..." అని అటు వైపు మాట ఆగిపోయింది. పెన్ను మూత తీసిన చప్పుడు వినబడింది. చాలాసేపటికి మళ్లీ మూత పెట్టిన చప్పుడు వినబడింది.

"ఉత్తర్వు రాగానే బయల్దేరతాను సార్. పరికరాన్ని కదా, పై నుంచి చెప్పందే కదలకూడదు," అన్నాడు లోకనాథం చాలా వినయంగా.

ఆ సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. ఢిల్లేశ్వరి వంటింట్లో ఉంది, లోకనాథం ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. కాసేపటికి కరెంటొచ్చింది. రాగానే లోపల్నుంచి కేకేసింది.

"ఉన్నావేటి?"

ఇన్నేళ్లూ కరెంటొచ్చినప్పుడల్లా ముందు ఆవిడకి ఆ ఖాళీ కుర్చీయే కనబడేదట. అందుకని ఇప్పుడు దీపం వెలిగితే చాలు, అడక్కుండా ఉండలేదు. మొగుడొచ్చిన రోజు నుంచి ఇదే వరస.

"ఉన్నానే," అన్నాడు లోకనాథం.

"అయితే ఇలగొచ్చి ఉల్లిపాయలు తరుగు."

లోకనాథం ఎవరి ఉత్తర్వూ అడక్కుండా లేచి వెళ్లి కత్తిపీట ముందు కూర్చున్నాడు.